ఎడిటరునకు ప్లగిన్లు: ఎంపికయు, నిర్వహణయు

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము తొలుత మీకు కొంత దూరమైనదిగ తోచవచ్చును. కంప్యూటరులో వ్రాతపని చేయుటకు ఉపకరించు ఒక సాధనమును గూర్చియు, దానికి తగిలించుకొను ప్లగిన్లను గూర్చియు చెప్పదలచితిని. ఓపికతో వినిన, ఇది మీ కార్యాలయపు గుమ్మమువరకు వచ్చిన విషయమేనని మీరే గ్రహింపగలరు.

పంచాయతీల జమాఖర్చులు, ప్రణాళికలు, పన్నుల పట్టికలు నేడు కంప్యూటరు మీదుగనే నడచుచున్నవి. కేంద్ర ప్రభుత్వము 2020 ఏప్రిల్ 24 వ తేదీన, జాతీయ పంచాయతీరాజ్ దినమునాడు, ఈ-గ్రామస్వరాజ్ అను సదుపాయమును ప్రారంభించినది. ఆంధ్రప్రదేశములో 2019 లో గ్రామ సచివాలయములు ఏర్పడినప్పుడు డిజిటల్ అసిస్టెంటు అను ఉద్యోగిని కూడ నియమించిరి. యంత్రము వచ్చినది, పనివారును వచ్చిరి. ఇక ఆ యంత్రములో ఏ ప్రోగ్రామును చేర్చవలెను, దేనిని తొలగింపవలెను, చేర్చినదానికి బాధ్యులెవరు అను ప్రశ్నలు మన సమావేశములలోనికి రావలసియున్నవి.

ఈ ప్రశ్నలు ప్రోగ్రాములు వ్రాయువారికి క్రొత్తవి కావు. వారు అనేక సంవత్సరములుగా వానితో తలపడి కొన్ని పద్ధతులను ఏర్పరచుకొనిరి. కొన్ని దెబ్బలును తినిరి. వారి అనుభవము మనకు పనికివచ్చును.

ఎడిటరు అననేమి?

కంప్యూటరులో అక్షరములను వ్రాయుటకు, దిద్దుటకు ఉపకరించు ప్రోగ్రామును టెక్స్ట్ ఎడిటరు అందురు. ఉత్తరములను అందముగ అచ్చువేయుటకు కార్యాలయములలో వాడు వర్డ్ వంటి ప్రోగ్రాము వేరు, ఇది వేరు. ఎడిటరు దాచిన పత్రములో అక్షరముల లావు, అంచుల కొలత మొదలగు అలంకారములుండవు. ఉత్త అక్షరములు మాత్రమే యుండును. అందుచేత ఒక ఎడిటరులో వ్రాసిన పత్రమును వేరొక ఎడిటరుతో, వేరొక కంప్యూటరులో, పది యేండ్ల తరువాతనైనను తెరచి చదువుకొనవచ్చును. ప్రోగ్రాములు వ్రాయువారికి రైతునకు నాగలి యెట్టిదో ఎడిటరు అట్టిది.

ఎడిటరులలో కొన్నింటికి ఒక విశేషము కలదు. వాడుకొనువారు తమకు కావలసిన క్రొత్త పనిని వానికి నేర్పవచ్చును. ఇట్టివానిలో మిగుల ప్రాచీనమైనవానిలో ఒకటి ఈమాక్స్. ఇది 1976 లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థయొక్క కృత్రిమ మేధా ప్రయోగశాలలో పుట్టినది. రిచర్డ్ స్టాల్‌మన్ అను నాయన 1984 లో దానిని గ్నూ ఈమాక్స్ అను పేరిట మరల వ్రాయ మొదలిడి, 1985 లో అందరికిని అందుబాటులోనికి తెచ్చెను. దీనికి వెల లేదు. లోపలి వ్రాత యంతయు ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, ఇరుగుపొరుగువారికి పంచవచ్చును. లిస్ప్ అను భాషలో నాలుగు వరుసలు వ్రాయగలవాడు దానిచేత క్రొత్త పనులు చేయింపగలడు.

ఇట్టిదే మరియొకటి విమ్. నెదర్లాండ్స్ దేశీయుడైన బ్రామ్ మోలెనార్ దీనిని 1991 లో వెలువరించెను. ఆయన 2023 ఆగస్టులో కాలధర్మము నొందువరకు దానిని పోషించుచు వచ్చెను. దీనికిని వెల లేదు. వాడుకొనువారు ఉగాండా దేశములోని కిబాలే ప్రాంతపు బీద పిల్లలకు తోచిన సహాయము చేయవలెనని మాత్రము ఆయన కోరెను. ఒక వ్రాత సాధనము ఎక్కడి పల్లెబిడ్డల చదువునకో ఆసరా యగుట మనము గమనింపదగిన విషయము.

ట్రాక్టరు పోలిక

ప్లగిన్ అననేమో ట్రాక్టరు పోలికతో తెలిసికొనవచ్చును. ఇంజను ఒక్కటే. నాగలి తగిలించిన దున్నును. రోటవేటరు తగిలించిన గడ్డలను చితిపి మెత్తన చేయును. ట్రాలీ తగిలించిన ధాన్యము మోయును. ఎడిటరునకు ప్లగిన్ అట్టిదే. ఒకటి వ్రాతలోని అక్షర దోషములను చూపును. ఒకటి పత్రమునకు నేడు చేసిన మార్పులను నిన్నటి వ్రాతతో సరిపోల్చి చూపును. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఖగోళశాస్త్రజ్ఞుడగు కార్‌స్టెన్ డొమినిక్ తన పనుల జాబితాకై 2003 లో ఆర్గ్ అను దానిని వ్రాసికొనెను. అందులో పనులు, గడువు తేదీలు, పట్టికలు ఒకేచోట వ్రాసికొనవచ్చును. పట్టికలోని అంకెలను అదే కూడి చూపును. అది ఎంతో మందికి నచ్చినందున 2007 లో వెలువడిన ఈమాక్స్ 22 వ కూర్పులో దానిని లోపలనే చేర్చిరి. ఒకరి అవసరమునకు పుట్టిన పరికరము ఈ విధముగ ఉమ్మడి ఆస్తియైనది.

ట్రాక్టరునకు పరికరము తగిలించునపుడు కొక్కెము కొలతలు, ఇరుసు వేగము సరిపోవలెను గదా! ప్లగిన్ విషయములోను అంతే. ఈమాక్స్ క్రొత్త కూర్పునకు వ్రాసిన ప్లగిన్ పాత కూర్పులో నడువకపోవచ్చును. ఒక ప్లగిన్‌కు మరియొకటి ఆధారము కావచ్చును. ఆ రెండవదానికి మూడవది ఆధారము కావచ్చును. ఒకటి కావలెనని కోరిన నాలుగు వచ్చి చేరును.

కాని యిచ్చట ఒక భేదమును మీరు మనసున నాటుకొనవలెను. రోటవేటరు రైతు ఇంటి బీరువాను తెరువజాలదు. ఈమాక్స్‌కు తగిలించిన ప్లగిన్ మాత్రము ఆ యంత్రముముందు కూర్చున్న మనిషికి గల అధికారములన్నిటిని పొందును. అతడు చదువగల ప్రతి పత్రమును అది చదువగలదు. అతడు చెరుపగల ప్రతి పత్రమును అది చెరుపగలదు. ఇంటర్నెట్టు ద్వారా బయటికి పంపగలదు. ప్లగిన్‌ను వేరుగా ఒక గదిలో బంధించి పని చేయించుకొను ఏర్పాటు ఈమాక్స్‌లో లేదు. విమ్‌లోను లేదు. కావున ప్లగిన్ చేర్చుకొనుట, కార్యాలయపు తాళపుచెవులిచ్చి ఒక మనిషిని పనిలో పెట్టుకొనుటతో సమానము. పనిమంతుడా యని చూచినంత మాత్రమున చాలదు. ఎవరి మనిషి, ఎవరు పూచీ అని కూడ విచారింపవలెను.

ప్లగిన్లు ఎచ్చటనుండి వచ్చును?

పూర్వము ఈమాక్స్ ప్లగిన్‌ను ఎవరికి వారు వెదకి, నకలు తీసికొని, తమ యంత్రములో పెట్టుకొనెడివారు. దేనికి ఏది ఆధారమో తామే చూచుకొనవలసివచ్చెడిది. 2012 లో వెలువడిన ఈమాక్స్ 24 వ కూర్పుతో ఈ శ్రమ తీరినది. టామ్ ట్రోమీ అను ప్రోగ్రామరు వ్రాసిన ప్యాకేజీ నిర్వాహకమును అందు చేర్చిరి. లిస్ట్-ప్యాకేజెస్ అను ఆజ్ఞ నిచ్చిన, దొరకు ప్లగిన్ల జాబితా తెరమీద కనబడును. కావలసినదాని యెదుట ఐ అను ఆంగ్లాక్షరమును, వలదన్నదాని యెదుట డి అను అక్షరమును గుర్తుగ నుంచి, చివర ఎక్స్ అక్షరమును నొక్కినచో పని జరుగును. ఆధారములను అదే వెదకి తెచ్చుకొనును.

ఈ జాబితా కొన్ని భాండాగారములనుండి వచ్చును. మొదటిది గ్నూ ఎల్పా. ఇందు చేరు ప్లగిన్ల రచయితలు సాధారణముగ తమ హక్కును ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అను సంస్థకు వ్రాసి యియ్యవలెను. పంపిణీ చేయు ప్రతి ప్యాకేజీ మీద డిజిటల్ సంతకముండును. రెండవది నాన్‌గ్నూ ఎల్పా. దీనికి హక్కు వ్రాసి యియ్యనక్కరలేదు. 2022 లో వెలువడిన 28 వ కూర్పునుండి ఈమాక్స్ దీనిని తనంతట తానే చూచును. మూడవది మెల్పా. స్వచ్ఛందముగ పనిచేయువారు దీనిని నడుపుచున్నారు. ఐదువేలకు పైబడిన ప్యాకేజీలు ఇందు గలవు. ఒక ప్లగిన్ తొలుత చేరునపుడు వారు పరిశీలింతురు. అటుపిమ్మట రచయిత తన వ్రాతలో చేయు మార్పులు యంత్రముచేతనే తయారై వాడుకొనువారికి చేరుచుండును.

సభ్యులారా! ఈ చివరి మాటను మరల ఆలోచింపుడు. పరీక్ష మొదటి దినమున జరిగినది. ఆ తరువాత ప్రతి దినము వచ్చు సరకును తూచి పుచ్చుకొను భారము వాడుకొనువానిదే. తొలి లారీ ఇటుకలు బాగున్నవని చూచి, తక్కిన లారీలను చూడకుండ దింపుకొను మేస్త్రీ యుండునా? ఈ కారణముననే మెల్పావారు 2018 లో ఒక నిర్ణయము తీసికొనిరి. అంతవరకు ఈమాక్స్ వికీ అను చోటినుండి కూడ ప్లగిన్లను తెచ్చి పంచుచుండిరి. ఆ వికీలోని పుటలను ఎవరు పడిన వారు మార్చవచ్చును. అట్టి చోటినుండి వచ్చు వ్రాతను వేలాది యంత్రములకు పంపుట క్షేమము కాదని దానిని మానివేసిరి. అందు మంచి ప్లగిన్లు లేకపోలేదు. అయినను ద్వారము లేని గిడ్డంగిలోని ధాన్యమునకు పూచీ పడరాదని వారు తలచిరి.

చక్కని నిర్వహణకు ఆరు సూత్రములు

మొదటిది: నిజముగ అవసరమా యని విచారింపవలెను. చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతయు వెదకినట్లు, లోపల ఉన్నదానినే బయట వెదకువారు పెక్కురు. తెలుగు వ్రాతయే దీనికి నిదర్శనము. ఈమాక్స్‌లో తెలుగు వ్రాయుటకు ప్లగిన్ ఏదియు అక్కరలేదు. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతియు, ఆంగ్లాక్షరములతో తెలుగు పలుకులను వ్రాయు ఐట్రాన్స్ పద్ధతియు దాని లోపలనే కలవు. వివిధ భాషలలో పలకరింపులు చూపు దాని పత్రములో మన నమస్కారము అను మాటయు కలదు. యంత్రములో తెలుగు అక్షరరూపములు, అనగా ఫాంటు, ఉన్నచో చాలును.

రెండవది: ఎవరు పోషించుచున్నారో చూడవలెను. ఈ ప్లగిన్‌కు కడపట ఎప్పుడు మరమ్మతు జరిగినది? వాడుకొనువారు లోపము తెలిపిన జవాబు వచ్చుచున్నదా? పోషించువారు ఒక్కరా, పలువురా? చిరకాలముగ మార్పు లేని ప్రతి ప్లగినును పాడైనదనుకొనరాదు. చిన్న పని చేయునది పూర్తియై యుండవచ్చును. పెద్ద పని చేయుచు దిక్కులేక పడియున్నదానికి మాత్రము దూరముగ నుండుట మేలు.

మూడవది: ప్రతిదానిని వ్రాతలో నుంచవలెను. ఈమాక్స్ ఆరంభమగునపుడు చదువు పత్రమొకటి కలదు. ఏ ప్లగిన్ కావలెనో, దానికి ఏ యేర్పాట్లు చేయవలెనో అందు వ్రాసియుంచిన, క్రొత్త కంప్యూటరు వచ్చిన దినమున ఆ ఒక్క పత్రముతో అంతయు మరల సమకూర్చుకొనవచ్చును. ఇందుకై జాన్ వీగ్లీ అను ప్రోగ్రామరు యూజ్-ప్యాకేజ్ అను పద్ధతిని తెచ్చెను. ఒక్కొక్క ప్లగిన్‌కు సంబంధించిన మాటలన్నియు ఒక్కొక్క ఖండికగ నుండుట దీని సుగుణము. 2023 లో వెలువడిన 29 వ కూర్పునుండి ఇది ఈమాక్స్‌లోనే చేరియున్నది. బుద్ధిమంతులు ఆ ఖండిక పైన ‘దీనిని ఎందులకు చేర్చితిమి’ అని ఒక వరుస వ్రాసియుంతురు. మన తీర్మానముల పుస్తకమునకును, స్టాకు రిజిస్టరునకును గల ప్రయోజనమే దీనికిని గలదు. కారణము వ్రాయని తీర్మానమును తరువాతి పాలకవర్గము అర్థము చేసికొనలేదు.

నాలుగవది: క్రొత్త కూర్పులను వేళ యెరిగి తెచ్చుకొనవలెను. క్రొత్త కూర్పు వచ్చినదనగనే తెచ్చుకొనుట కొందరి అలవాటు. ఎన్నటికిని తెచ్చుకొనకుండుట మరికొందరి అలవాటు. మొదటివారికి పని నడుమ చిక్కులు వచ్చును. రెండవవారు భద్రతా లోపములు సరిచేయబడినను పాతదానితోనే ప్రమాదములో నుందురు. మధ్యమార్గ మేమనగా, నెలకొక దినము నిర్ణయించుకొని, ముందుగ ప్లగిన్ల సంచయమునకు నకలు తీసి, అటుపిమ్మట క్రొత్త కూర్పులను తెచ్చుకొని, ఒక పూట పరీక్షించుట. చెడినచో నకలును మరల పెట్టుకొనవచ్చును. సంవత్సరాంతపు లెక్కలు ముగించు దినమున ఇట్టి పని తలపెట్టరాదు. వరికోత వేళ ట్రాక్టరు ఇంజను విప్పు రైతు ఉండడు గదా!

ఐదవది: అక్కరలేనిదానిని తొలగింపవలెను. ప్లగిన్‌ను చేర్చినపుడు వెంట వచ్చిన ఆధారములు, అది పోయిన తరువాతను ఉండిపోవును. కోరి తెచ్చుకొన్న వెవ్వియో, వెంట వచ్చిన వెవ్వియో ఈమాక్స్ వేరుగా గుర్తుంచుకొనును. ప్యాకేజ్-ఆటోరిమూవ్ అను ఆజ్ఞ నిచ్చిన, ఎవరికిని అక్కరలేని ఆధారములను అదియే ఏరివేయును. సంవత్సరమునకు ఒకమారు జాబితా యంతయు చదివి, ఆరు నెలలుగ తాకనివానిని తీసివేయుట మంచిది. ఉన్న ప్రతి ప్లగినును తెరచియున్న ఒక తలుపు.

ఆరవది: చెడినపుడు ఓర్పుతో కారణము వెదకవలెను. ఈమాక్స్‌ను క్యూ అను గుర్తుతో ఆరంభించిన, మన ఏర్పాట్లు, ప్లగిన్లు ఏవియు లేకుండ శుద్ధరూపమున తెరచుకొనును. అప్పుడును లోపము కనబడిన, అది ఎడిటరుది. కనబడకున్న, మనము చేర్చినవానిలో నున్నది. పిమ్మట చేర్చినవానిలో సగమును ఆపి చూడవలెను. లోపము పోయిన, అది ఆపిన సగములో నున్నది. పోకున్న, మిగిలిన సగములో నున్నది. ఆ సగమును మరల సగము చేయవలెను. ప్లగిన్లు 40 ఉండి, దోషి ఒక్కటియే యైనచో, 20, 10, 5, 3, 2 అని తగ్గుచు 6 పరీక్షలలోపల అది పట్టుబడును. ఒక్కొక్కదానిని వరుసగ చూచిన దాదాపు 40 మారులు శ్రమపడవలసిరావచ్చును. వీధిలో నీటి గొట్టము ఎచ్చట మూసికొనిపోయినదో తెలిసికొనుటకును ఇదియే సులభమైన దారి. నడుమ కవాటమువద్ద చూచిన సగము వీధిని విడిచిపెట్టవచ్చును.

జరిగిన సంగతులు

ఈ జాగ్రత్తలు ఉత్త భయమువలన పుట్టినవి కావు. ఎడిటరు ప్లగిన్ల వలెనే ఒకదానిపై నొకటి ఆధారపడు ఇతర ప్రోగ్రాముల లోకములో జరిగిన రెండు సంగతులను, ఈమాక్స్ లోకములోనే జరిగిన రెండు సంగతులను మనవి చేసెదను.

2016 మార్చిలో ఎన్.పి.ఎం. అను భాండాగారమునుండి లెఫ్ట్-ప్యాడ్ అను చిన్న ప్యాకేజీని దాని రచయిత ఉపసంహరించుకొనెను. పేరు విషయమై వచ్చిన వివాదము దానికి కారణము. ఆ వ్రాత 11 వరుసలు మాత్రమే; మాట ఎడమప్రక్కన ఖాళీలు చేర్చుట దాని పని. కాని దానిమీద వేరొకటి, దానిమీద మరియొకటి ఆధారపడియుండుటచే, ప్రపంచమున అనేక పెద్ద సంస్థల ప్రోగ్రాముల తయారీ ఆగిపోయినది. భాండాగారమువారు కొద్ది గంటలలో దానిని మరల నిలిపిరి. మనకు తెలియకయే మనము ఎవరిమీద ఆధారపడియున్నామో తెలిసికొనవలెననుట ఇందలి నీతి.

2019 సెప్టెంబరులో గ్నూ ఎల్పా ప్యాకేజీల మీద సంతకము సరిచూచు తాళపుచెవికి గడువు తీరినది. క్రొత్త తాళపుచెవి ముందే తయారుగ నుండినను, పాత కూర్పులు వాడువారికి అది చేరలేదు; వారి ఈమాక్స్ సంతకము సరిపోలేదని ప్యాకేజీలను త్రోసివేసినది. కొందరు తాత్కాలికముగ పరీక్షనే ఆపివేసి పని గడుపుకొనిరి. అట్లు ఆపినవారు పని కాగానే పరీక్షను మరల నిలుపవలెను. వాగు పొంగిన దినమున తీసిన గేటును మరునాడు మూయకున్న పొలము మునుగును.

2024 మార్చి 29 వ తేదీన వెలుగులోనికి వచ్చిన సంగతి మిగుల ఘోరమైనది. ఎక్స్.జెడ్. అనునది పత్రములను కుదించి చిన్నవిగ చేయు ప్రోగ్రాము. లినక్సు యంత్రములలో విస్తారముగ వాడబడునది. దానిని చిరకాలము ఒక్కరే ఉచితముగ పోషించుచు వచ్చిరి. జియా టాన్ అను పేరుతో ఒకరు రెండు సంవత్సరములకు పైగ మంచి మరమ్మతులు చేసి నమ్మకము సంపాదించిరి. అదే కాలమున వేరు పేర్లతో కొందరు, పని నెమ్మదిగ సాగుచున్నదని అలసియున్న పోషకుని మీద ఒత్తిడి తెచ్చిరి. కడకు అధికారము ఆ క్రొత్తవారి చేత పడినది. అటుపిమ్మట 5.6.0, 5.6.1 కూర్పులలో రహస్య ద్వార మొకటి అమర్చబడినది. దాని మూలమున దూరమునుండి ఇతరుల యంత్రములలో ప్రవేశించుటకు వీలుండెడిది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, తన యంత్రములోనికి ప్రవేశము అర సెకను ఆలస్యమగుచున్నదేమని శంకించి, పట్టువిడువక శోధించి దానిని బయటపెట్టెను. విస్తారముగ వాడు స్థిరమైన కూర్పులలోనికి అది ఇంకను చేరియుండలేదు. లోకము పెద్ద ఆపదనుండి తప్పించుకొన్నది.

నాలుగవ సంగతి 2024 లో బయటపడినది. ఇతరులు పంపిన లిస్ప్ ప్రోగ్రాము పత్రమును ఈమాక్స్‌లో తెరచి దిద్దునపుడు, పదములను పూరించుట, తప్పులను చూపుట అను సహాయములకై అందలి కొన్ని ఆజ్ఞలు నడచు ప్రమాదము కలదని తేలినది. 2025 ఫిబ్రవరిలో వెలువడిన 30 వ కూర్పులో దీనికి కట్టుదిట్టము చేసిరి. వాడుకొనువారు నమ్మదగినవని ముందుగ చెప్పిన పత్రములలోనే అట్టి సహాయములు పూర్తిగ నడచును. నమ్మకమును అడిగి పుచ్చుకొనవలెనే కాని, ఊహించుకొనరాదను నియమము ఇచ్చట చట్టమైనది.

ఎక్స్.జెడ్. సంగతి నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది. అందు తప్పు ఆ పాత పోషకునిది కాదు. ఆయన శ్రమను కోట్లమంది అనుభవించిరి. ఆయన భారమును పంచుకొన్నవారు లేకపోయిరి. ఊరి మంచినీటి పంపును ఒక్క మనిషి పదునైదేండ్లు చూచుచుండగ, నీరు వచ్చినన్నినాళ్లు అతనిని పలకరింపక, నీరు రాని నాడు మాత్రము అతని ఇంటిముందు గుమిగూడు ఊరు ఎట్టిదో, లోకము అట్లు ప్రవర్తించినది. అలసిన మనిషివద్దకు తీయని మాటలతో వచ్చువాడు సులభముగ తాళపుచెవులు పొందును. కావున భద్రతకు మొదటి మెట్టు అనుమానము గాదు, పనిచేయువానికి తోడుండుట.

మన కార్యాలయములలో చేయదగినది

మీ పంచాయతీ కంప్యూటరులో ఈమాక్స్ ఉండకపోవచ్చును. కాని బ్రౌజరు తప్పక యుండును. ఆ బ్రౌజరునకు తగిలించు ఎక్స్‌టెన్షన్లు ఈ ప్లగిన్ల సోదరులే. వీడియోలు దింపుకొనుటకని, ధరలు తెలుపునని, పుటను అనువదించునని ఒక్కొక్కటి వచ్చి చేరును. చేరునపుడు ‘మీరు చూచు పుటలన్నిటిని చదువుటకు, మార్చుటకు అనుమతి నిత్తురా’ అని వానిలో పెక్కు అడుగును. చదువకయే సరే యందుము. అదే బ్రౌజరులో పంచాయతీ ఖాతాలు, బిల్లులు తెరతుము. ఆ అనుమతి పొందిన ఎక్స్‌టెన్షన్ తెరమీది ప్రతి అంకెను చూడగలదు.

కనుక ప్రతి పంచాయతీ తన తదుపరి సమావేశములో ఈ క్రింది అంశములను చర్చించి తీర్మానింపవలెనని నా మనవి.

1. కార్యాలయపు కంప్యూటరులో నున్న ప్రోగ్రాములకును, బ్రౌజరు ఎక్స్‌టెన్షన్లకును ఒక జాబితా వ్రాయించి స్టాకు రిజిస్టరు ప్రక్కనే ఉంచవలెను. ప్రతిదాని యెదుట ఎందులకు, ఎవరు, ఏ తేదీన చేర్చిరో వ్రాయవలెను. కారణము చెప్పలేనిదానిని తీసివేయవలెను.

2. క్రొత్తదానిని చేర్చుటకు ముందు కార్యదర్శి అనుమతి ఉండవలెను. నాయకుల సిఫారసుపై గాని, కుర్రవాండ్ర సరదాకు గాని చేర్చరాదు.

3. చెల్లింపులు చేయు బ్రౌజరులో ఎక్స్‌టెన్షన్లు ఏవియు లేకుండ చూడవలెను. డిజిటల్ సంతకపు టోకెనును, దాని రహస్యసంఖ్యను ఎవరిది వారే భద్రపరచుకొనవలెను. పని సులువగునని వేరొకరికి ఇచ్చుట, సంతకము చేసిన ఖాళీ చెక్కును ఇచ్చుటయే.

4. నెలకొక నిర్ణీత దినమున ముఖ్య పత్రములకు రెండు నకళ్లు తీసి, ఒకటి కార్యాలయమునకు వెలుపల భద్రమైన చోట నుంచవలెను. నకలు తీసినంతమాత్రమున చాలదు. ఏడాదికి రెండు మారులైనను దానిని తెరచి, చదువ వీలగుచున్నదో లేదో చూడవలెను.

5. కంప్యూటరు పనివానికి సెలవు దినములలో మరియొకరు ఆ పని చేయగలిగియుండవలెను. తెలిసినది ఒక్కరి తలలోనే ఉండిపోరాదు. చేయు విధానమును తెలుగులో సాదా పత్రముగ వ్రాయించి ఉంచవలెను.

ఈ అయిదింటికిని డబ్బు ఖర్చు స్వల్పము. కావలసినది క్రమము.

కడపటి మనవి యొకటి. మీ గ్రామములలో చదువుకొను పిల్లలున్నారు. ఇంజనీరింగు చదివి నగరములలో, పరదేశములలో ప్రోగ్రాములు వ్రాయుచున్న బిడ్డలును ఉన్నారు. వారిలో పలువురు ఈ ఎడిటరులనే వాడుచుందురు. వారు సెలవులకు ఊరు వచ్చినపుడు పంచాయతీ కార్యాలయమునకు పిలిచి, ఒక పూట కంప్యూటరు జాబితాను చూచి పెట్టుమని అడుగుడు. గ్రంథాలయములో యంత్రమొకటి యున్నచో, వెల లేని ఈ ఎడిటరును అందు పెట్టించి, తెలుగులో వ్రాయుట పిల్లలకు చూపించుడు. ఇతరులు చేసిన ప్లగిన్లను వాడుకొనుటతో ఆగక, ఒకనాడు మన పల్లెబిడ్డ యొకడు లేదా యొకతె మన భాషకు, మన లెక్కలకు అక్కరకువచ్చు ప్లగిన్‌ను వ్రాసి లోకమునకు ఈయగలరు. దానిని వాడుకొనువారు అప్పుడు మనల నడుగుదురు, దీనిని పోషించువారెవరు, పూచీ యెవరిదని. ఆ ప్రశ్నకు తలయెత్తి సమాధానము చెప్పగల అలవాట్లను నేడే మన కార్యాలయములలో ఏర్పరచుకొందము.

 సందేహములున్నవారు నిస్సంకోచముగ అడుగవచ్చును. జై హింద్.